బండి మీద అమ్మే తిండిలో బ్యాక్టీరియా చేరకుండా చూసుకోవడం ఎలా?

"వంట శుభ్రంగానే చేస్తున్నాం, వేడివేడిగానే దింపుతున్నాం. అయినా తిన్నవాళ్లలో ఒకరిద్దరు వాంతులంటున్నారు, విరేచనాలంటున్నారు. తప్పు ఎక్కడ జరుగుతోంది?" బండి పెట్టుకున్నవాళ్లు, చిన్న స్టాల్ నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. నేను తిరిగి అడిగేది ఒక్కటే. పొయ్యి మీంచి దించిన దగ్గర్నుంచి కస్టమర్ నోట్లోకి వెళ్లేదాకా ఆ పదార్థానికి ఏమేం తగిలాయి, అది ఎంతసేపు ఆగింది? పొయ్యి దాకా జరిగింది చాలామంది చక్కగా చెబుతారు. ఆ తర్వాతదానికి వచ్చేసరికి ఆలోచనలో పడతారు. చిక్కు ఎక్కువగా ఉండేది అక్కడే.

వీధిలో అమ్మే తిండి అంతా చెడ్డదని నేను అనను. కళ్లెదురుగా వండి పొగలు కక్కుతుండగా చేతికిచ్చేది, ఎప్పుడో వండి అద్దాల అరలో పెట్టిన దానికంటే చాలాసార్లు సురక్షితం. కాబట్టి వండాక జరిగే పనుల మీదే ఇక్కడ ఎక్కువ చెబుతాను. ఇంట్లో వేడుకకి పెద్దఎత్తున వండేవాళ్లకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు మూడు విషయాలు

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. ఈ మూడూ గుర్తుంటే కింద చెప్పే పనులు ఎందుకు చేయాలో తెలిసిపోతుంది.

బ్యాక్టీరియా బాగా పెరిగేది 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య (ఈ వ్యాసంలో డిగ్రీలంటే అన్నిచోట్లా సెల్సియస్). అనువైన వేడి దొరికితే చాలా రకాలు దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్క కణం 7 గంటల్లో 20 లక్షలు దాటిపోతుంది.

బ్యాక్టీరియా చచ్చినా, అది అప్పటికే వదిలిన విషం పోకపోవచ్చు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనేది దాదాపు ప్రతి 10 మందిలో ముగ్గురి ముక్కులో, ఏ జబ్బూ లేకుండానే ఉంటుంది. అది చేతుల ద్వారా ఆహారంలో చేరి, పెరిగి, విషం వదిలిందంటే ఆ పదార్థాన్ని మరిగించినా విషం పోదు. అన్నం, నూడుల్స్ లాంటి వాటిలో పెరిగే బాసిల్లస్ సీరియస్ వదిలే వాంతుల విషమూ అంతే. "మళ్లీ బాగా మరిగించాను కదా" అనే ధైర్యం ఇక్కడ పనిచేయదు.

జబ్బు చేసే బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన వాసన, రంగు, రుచి మారాలని లేదు. పాచి వాసన తెచ్చేవి చాలావరకు వేరే రకాలు. వాసన చూసి, నాలుక మీద వేసుకుని "బాగానే ఉంది" అనడం పరీక్ష కిందికి రాదు.

కలుషిత ఆహారం వల్ల ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారని, 4,20,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. చనిపోయేవాళ్లలో 1,25,000 మంది ఐదేళ్లలోపు పిల్లలే. మీ దగ్గర కొనుక్కుని తినేవాళ్లలో పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఒకరోజు కడుపునొప్పితో పోయేది వీళ్లను ఆస్పత్రి దాకా తీసుకెళ్తుంది.

ఏమేం కావాలి

- సూదిలా గుచ్చే డిజిటల్ థర్మామీటర్. అన్నిటికంటే ముందు కొనాల్సింది ఇదే. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు.
- మూత, కుళాయి ఉన్న నీళ్ల డ్రమ్ములు రెండు. ఒకటి చేతులకు, ఒకటి తాగడానికీ వంటకూ.
- గట్టి మూత ఉన్న ఐస్ బాక్స్. వీలైతే రెండు.
- చాకులు రెండు, కోసే చెక్కలు రెండు. రంగులు వేరుగా ఉంటే మరీ మంచిది.
- పట్టకార్లు, పొడవాటి గరిటెలు, ప్రతి గిన్నెకూ మూత.
- సబ్బు, పేపర్ టవల్స్, సువాసన కలపని 5 శాతం క్లోరిన్ బ్లీచ్, కొలత గ్లాసు.
- అంటించే టేపు, మార్కర్ పెన్, చిన్న నోట్‌బుక్.
- మూత ఉన్న చెత్తడబ్బా, కాలితో తెరిచేదైతే మేలు.

కరెంటు, ఫ్రిజ్ లేవని ఆగిపోవద్దు. ఐస్ బాక్సు, గడియారం చూసుకునే అలవాటు ఉంటే కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం చేయొచ్చు.

1. మెనూని రెండుగా విడగొట్టండి

ఒక కాగితం తీసుకుని మీరు అమ్మేవన్నీ రాయండి. చేతికిచ్చే ముందు బాగా వేడి తగిలేవి ఒక పక్క, ఇక వేడే తగలనివి ఇంకో పక్క. రెండో పక్కన సాస్‌లు, పచ్చి కూరగాయ ముక్కలు, కోసిన పండ్లు, జ్యూస్, ఐస్, క్రీమ్, ఒలిచిన ఉడికించిన గుడ్లు, ముందే ఉడికించి చీల్చి పెట్టుకున్న మాంసం వస్తాయి.

ఈ రెండో జాబితాయే మీ అసలు ప్రమాద జాబితా. దానిలోకి చేరిన బ్యాక్టీరియాను చంపడానికి తర్వాత ఏ అడ్డంకీ లేదు. చాలామంది శ్రద్ధంతా పొయ్యి దగ్గర పెట్టి, పైన చల్లే ముక్కల్ని, పక్కన పోసే సాస్‌ని పట్టించుకోరు. పొగలు కక్కే పదార్థం మీద మురికి చేత్తో రెండు ముక్కలు వేశాక ఆ వేడి మిమ్మల్ని కాపాడదు.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండో జాబితాని సగానికి తగ్గించుకోమని నా సలహా. నాలుగు సాస్‌ల బదులు రెండు చాలు. రెంటినీ సరిగ్గా చూసుకోవడం తేలిక.

2. నీళ్లు సరిచేసుకోండి

నీటి మీద నమ్మకం లేకపోతే మరిగించండి. గలగలా మరగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉండేవాళ్లు మూడు నిమిషాలు మరిగించాలి, అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు తేర్చి, శుభ్రమైన గుడ్డలో వడకట్టి తర్వాత మరిగించండి. మరిగించే వీలు లేకపోతే నీటిని శుద్ధి చేసే క్లోరిన్ మాత్రలు వాడొచ్చు. ప్యాకెట్ మీద రాసినంతే వేసి, అందులో చెప్పినంతసేపు, సాధారణంగా 30 నిమిషాలు, ఆగాలి.

శుద్ధి చేసిన నీళ్లను పాడుచేసేది డ్రమ్ములో ముంచే గ్లాసు. గ్లాసు పట్టుకున్న చేతి వేళ్లు నీళ్లలో మునుగుతాయి. అందుకే కుళాయి ఉన్న డ్రమ్ము తప్పనిసరి. రోజూ ఖాళీ చేసి, లోపల రుద్ది కడిగి, ఆరబెట్టండి. కుళాయి మూతి కూడా తోమాలి, అక్కడ జిగురు పేరుకుంటుంది.

ఐస్ సంగతి విడిగా చెప్పాలి. గడ్డకట్టినంత మాత్రాన బ్యాక్టీరియా చావదు, చాలావరకు అలాగే నిద్రపోయి ఉంటుంది. తాగగలిగే నీటితో చేసిన ఐస్ మాత్రమే గ్లాసులో వేయాలి. బాక్సులో చల్లదనం కోసం పెట్టిన ఐస్‌లోంచి తీసి జ్యూస్‌లో వేయొద్దు. ఆ ఐస్ మీద పచ్చి మాంసం ప్యాకెట్ కారి ఉండొచ్చు.

3. చేతులు

సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి. వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కింద. పారే నీటితో కడిగి పేపర్ టవల్‌తో తుడవండి. నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడిస్తే కడిగిన పని వృథా.

కడగాల్సిన సందర్భాలు: బండి తెరిచేటప్పుడు, టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, పచ్చి మాంసం, చేపలు, గుడ్లు ముట్టుకున్నాక, ముక్కు, జుట్టు, ఫోన్ ముట్టుకున్నాక, చెత్తడబ్బా పట్టుకున్నాక, డబ్బులు తీసుకున్నాక. ఒక్కరే నడిపే బండిలో డబ్బు దగ్గరే అందరూ దెబ్బతింటారు. ప్రతిసారీ కడగడం కుదరదంటే ఇలా చేయండి. డబ్బాలో కస్టమరే డబ్బు వేసి చిల్లర తీసుకునేలా పెట్టండి, లేదా ఫోన్‌తో చెల్లించేలా చేయండి. అదీ కాకపోతే ఆహారాన్ని చేత్తో ముట్టుకోకుండా పూర్తిగా పట్టకార్లతో, గరిటెలతో నడిపించండి.

గ్లవ్స్ గురించి చాలామంది అడుగుతారు. గ్లవ్స్ వేసుకున్న చెయ్యి మురికైనా మనకు తెలియదు, అందుకే కడగం. అవే గ్లవ్స్‌తో నోట్లు తీసుకుని, అవే గ్లవ్స్‌తో ముక్కలు చల్లడం రోజూ కనిపించే దృశ్యం. గంటకోసారి మార్చలేనివాళ్లకు సబ్బు, పట్టకార్లే నయం. శానిటైజర్ కూడా సబ్బుకి బదులు కాదు. జిడ్డు చేతుల మీద అది సరిగా పనిచేయదు.

విరేచనాలు, వాంతులు ఉన్న మనిషి, అవి పూర్తిగా ఆగాక 48 గంటలు గడిచేదాకా ఆహారం ముట్టుకోకూడదు. ఒకరోజు అమ్మకం పోతుందని బాధగా ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఇక్కడ రాజీ పడొద్దు. చేతి మీద తెగిన గాయం, చీము పట్టిన కురుపు ఉంటే నీళ్లు దిగని ప్లాస్టర్ వేసి దానిపైన గ్లవ్ వేయండి. గ్లవ్ నిజంగా అక్కరకొచ్చే చోటు ఇది.

4. పచ్చివి ఒక దారి, తినడానికి సిద్ధమైనవి ఒక దారి

పచ్చి మాంసానికి ఒక చాకు, ఒక చెక్క. మిగతావాటికి ఇంకొకటి. ఐస్ బాక్స్ ఒక్కటే ఉంటే పచ్చి మాంసం గట్టి డబ్బాలో మూతపెట్టి అడుగున, మిగతావి పైన. పచ్చి మాంసం నానబెట్టిన మసాలా నీళ్లను వండిన దాని మీద పోయొద్దు. కోడిమాంసాన్ని కుళాయి కింద కడగడం కూడా మానేయండి. కడిగితే బ్యాక్టీరియా పోదు, తుంపర్లతో పాటు చుట్టుపక్కల గిన్నెల మీదికి చేరుతుంది. దాన్ని చంపేది మంటే.

5. వండేటప్పుడు

పదార్థం మధ్యభాగం వేడి 70 డిగ్రీలు దాటాలి. కోడిమాంసానికి 74 దాకా వెళ్లండి. థర్మామీటర్ మొనను అన్నిటికంటే మందంగా ఉన్న ముక్క మధ్యలోకి దింపండి. ఎముకకి, గిన్నె అడుగుకి తగలకూడదు, తగిలితే తప్పు అంకె చూపిస్తుంది. రంగు చూసి నిర్ణయించడం నమ్మదగ్గది కాదు. కైమాతో చేసిన ముద్దల విషయంలో అసలే కాదు, ఎందుకంటే మాంసం పైన ఉండే బ్యాక్టీరియా రుబ్బినప్పుడు లోపలికి వెళ్లిపోతుంది.

గడ్డకట్టిన ముక్కను కరగకుండానే నూనెలో వేస్తే పైన మాడుతుంది, లోపల చల్లగా ఉంటుంది. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టి కరిగించుకోండి. ఎండలో, గోరువెచ్చని నీళ్ల బేసిన్‌లో పెట్టొద్దు.

రద్దీ వేళ తొందరగా ఇవ్వొచ్చని మాంసం సగం ఉడికించి పక్కన పెట్టుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. సగం వేడిలో బ్యాక్టీరియా చావదు సరికదా, గోరువెచ్చగా గంటల తరబడి పెరగడానికి చోటు దొరుకుతుంది. ముందే చేసుకోవాలంటే పూర్తిగా వండి, 7వ మెట్టులో చెప్పినట్టు చల్లార్చి, మళ్లీ 74 డిగ్రీల దాకా వేడిచేసి ఇవ్వండి.

6. వండినది ఉంచడం: 2 గంటలు, 4 గంటలు

ఈ మెట్టు ఒక్కటి సరిగ్గా చేస్తే సగం పని అయినట్టే.

వేడిగా ఇచ్చేది 60 డిగ్రీల పైనే ఉండాలి. చల్లగా ఇచ్చేది 5 డిగ్రీల లోపే ఉండాలి. ఈ రెండూ కుదరనప్పుడు గడియారమే ఆధారం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వాడే లెక్క చిన్న బండ్లకు బాగా సరిపోతుంది:

- 5, 60 డిగ్రీల మధ్య గడిపిన సమయం 2 గంటల లోపైతే అమ్మొచ్చు, లేదా తిరిగి చల్లగా పెట్టుకోవచ్చు.
- 2 నుంచి 4 గంటలైతే ఇక దాచకూడదు. వెంటనే అమ్మేయాలి.
- 4 గంటలు దాటితే పారేయాలి.

ఈ గంటలన్నీ కలిపి లెక్కపెట్టాలి. ఇంటి దగ్గర కోసేటప్పుడు ఒక గంట, దారిలో అరగంట, బండి మీద గంటన్నర అయితే మొత్తం మూడు గంటలు. మధ్యలో ఐస్ బాక్సులో పెట్టినా అప్పటిదాకా అయిన సమయం చెరిగిపోదు.

చేయాల్సింది: గిన్నె బయటపెట్టగానే టేపు ముక్క మీద టైం రాసి అంటించండి. "10:30 నుంచి" అని కాకుండా "2:30కి పారేయాలి" అని రాయండి. రద్దీలో కూడికలు గుర్తుండవు. మీరు లేనప్పుడు బండి చూసుకునేవాళ్లకూ ఎవరినీ అడగకుండా అర్థమవుతుంది.

ఇక్కడ ఎక్కువగా చేసే తప్పులు రెండు. మొదటిది, సగమైన సాస్ గిన్నెలో కొత్త సాస్ కలపడం. పొద్దున్నది కొంచెం, మధ్యాహ్నానిది కొంచెం కలిసిపోయి, ఆ గిన్నె వయసు ఎంతో ఎవరికీ తెలియకుండా పోతుంది. పాతది అయిపోయాక గిన్నె మార్చి కొత్తది పెట్టండి. రెండోది, చల్లటి పదార్థాన్ని తెచ్చి నేరుగా వేడినీళ్ల ట్రేలో పెట్టడం. ఆ ట్రే వేడిని నిలపడానికే కానీ వేడి ఎక్కించడానికి కాదు. దానిలో గోరువెచ్చగా మారడానికే గంటలు పడుతుంది. ముందు పొయ్యి మీద 74 డిగ్రీలకు తెచ్చి, తర్వాత ట్రేలోకి మార్చండి.

వేడి ట్రే లేనివాళ్లు పెద్ద గిన్నెలో మరుగుతున్న నీళ్లు పోసి, అందులో చిన్న గిన్నె కూర్చోబెట్టి, మూత వేసి సన్నమంట మీద ఉంచొచ్చు. గంటకోసారి థర్మామీటర్ గుచ్చి చూడండి. అన్నిటికంటే మంచి మార్గం, ఒకేసారి పెద్ద గిన్నెడు వండకుండా తక్కువ తక్కువగా ఎక్కువసార్లు వండడం.

7. చల్లార్చడం

పెద్ద గిన్నెడు అన్నమో, మాంసం కూరో వండి మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే ఏమవుతుందో చూడండి. కొన్ని బ్యాక్టీరియా గట్టి గింజల్లా మారి మరుగుతున్న వేడినీ తట్టుకుంటాయి. క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్, బాసిల్లస్ సీరియస్ అలాంటివే. వంట చల్లబడుతుంటే అవి మళ్లీ లేస్తాయి. పెర్ఫ్రింజెన్స్ 45 డిగ్రీల దగ్గర 10 నిమిషాల్లోపే రెట్టింపు కాగలదు. పెద్ద గిన్నె మధ్యభాగం సరిగ్గా ఆ వేడిలోనే గంటల తరబడి ఉండిపోతుంది.

అందుకే వండి వెంటనే చల్లార్చేదానికి లెక్క వేరు: 60 నుంచి 21 డిగ్రీలకు 2 గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు ఇంకో 4 గంటల్లో దిగాలి. మొదటి రెండు గంటలే ముఖ్యం.

ఎలా దింపాలి: వెడల్పాటి పళ్లేల్లో 5 సెంటీమీటర్ల మందం మించకుండా పరచండి. పళ్లెం కింద ఐస్ నీళ్ల తొట్టి పెట్టండి. అప్పుడప్పుడూ శుభ్రమైన గరిటెతో కలపండి. ఆవిరి పోయేదాకా మూత వాలుగా ఉంచి, చల్లబడ్డాక బిగించండి. పులుసు లాంటివైతే నీళ్లు తగ్గించి చిక్కగా వండి, చివర్లో శుభ్రమైన ఐస్ వేసి సరిచేయొచ్చు. వేడి గిన్నెని అలాగే ఫ్రిజ్‌లోకి తోస్తే అది చల్లబడదు, పక్కనున్నవాటిని కూడా వేడెక్కిస్తుంది.

ఇంత పని చేయలేమంటే ఏ పూటకాపూట వండుకుని, మిగిలితే పారేయండి. ఐస్ తెచ్చుకునే వీలు లేనివాళ్లకు నేను చెప్పేది ఇదే.

8. వేడి తగలనివి

కూరగాయలు, పండ్లు కోయకముందే కడగాలి. తొక్క తీసేసే పండైనా సరే. పుచ్చకాయ తొక్క మీది మట్టిని చాకు లోపలికి మోసుకెళ్తుంది. పుచ్చకాయ, కోసిన టమాటా, తరిగిన ఆకుకూరలు బ్యాక్టీరియా బాగా పెరిగే పదార్థాలు. వీటిని కోసిన వెంటనే చల్లగా పెట్టాలి, లేదా 4 గంటల లెక్కలో పెట్టాలి. పచ్చిగా తినే ఆకులను ముందు బాగా కడిగి, 5 లీటర్ల నీటిలో 10 మి.లీ. బ్లీచ్ కలిపి 5 నిమిషాలు ఉంచి, తర్వాత తాగే నీటితో మళ్లీ కడగండి. బాటిల్ మీద ఆహారానికి వాడొచ్చని రాసి ఉన్న బ్లీచ్ మాత్రమే వాడాలి. దీనితో బ్యాక్టీరియా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

పచ్చి మొలకలు అమ్మొద్దనే నా మాట. మొలకెత్తడానికి కావాల్సిన తడి, వెచ్చదనమే బ్యాక్టీరియాకూ కావాలి. 2011లో జర్మనీలో మొలకలతో వ్యాపించిన ఈ.కోలై అనే బ్యాక్టీరియాకి 50 మందికి పైగా బలయ్యారు. ఆ మొలకలకు మూలం మెంతి గింజలని తేలింది. అమ్మి తీరాలంటే ఆవిరి పొగలు వచ్చేదాకా ఉడికించి అమ్మండి.

పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్ మానేసి, పాశ్చరైజ్ చేసిన సీసా మయోనీస్ వాడండి. వెల్లుల్లి నూనెలో వేసి బయట నిల్వ పెట్టొద్దు. గాలి తగలని ఆ నూనెలో బోటులిజం (నరాలను దెబ్బతీసే జబ్బు) తెచ్చే విషం తయారవ్వొచ్చు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో వేసిన వెల్లుల్లి వల్లే జనం పక్షవాతం లాంటి లక్షణాలతో ఆస్పత్రుల పాలయ్యారు. నిమ్మరసం పిండితే బ్యాక్టీరియా చస్తుందని చాలామంది నమ్మకం. బాగా పుల్లగా ఉంటే పెరుగుదల నెమ్మదిస్తుంది, అంతే. నాలుగు చుక్కలతో పాడైనది బాగుపడదు.

9. ప్లేట్లు, గుడ్డ

ముందు మిగిలింది గీకి పారేయండి. తర్వాత సబ్బు నీళ్లు, ఆ తర్వాత మంచినీళ్లు, చివర్లో 5 లీటర్లకు 20 మి.లీ. బ్లీచ్ కలిపిన నీళ్లు. ఈ వరుస మారకూడదు. జిడ్డు మీద క్లోరిన్ పనిచేయదు. కనీసం ఒక నిమిషం ముంచి ఉంచి, గాలికి ఆరనివ్వండి, తుడవొద్దు. బ్లీచ్ నీళ్లు రోజూ కొత్తగా కలపండి, మురికిగా కనిపిస్తే మధ్యలోనే మార్చండి. బ్లీచ్‌ని టాయిలెట్ క్లీనర్‌తో గానీ, వెనిగర్‌తో గానీ కలపొద్దు. విషవాయువు వస్తుంది.

ఒకే బకెట్ నీళ్లలో రోజంతా ప్లేట్లు ముంచి తీయడం కంటే వాడి పారేసే ప్లేట్లు నయం. ఇక బల్ల తుడిచే తడిగుడ్డ. బండి మొత్తం మీద అంత మురికి వస్తువు ఇంకోటి ఉండదేమో. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే గుడ్డతో బల్ల, చాకు, చేతులు తుడుస్తారు. పేపర్ టవల్స్ వాడండి, లేదా నాలుగైదు గుడ్డలు పెట్టుకుని వాడనప్పుడు బ్లీచ్ నీళ్లలో ఉంచండి.

అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

థర్మామీటర్‌ని ముందు పరీక్షించండి. గ్లాసు నిండా ఐస్ ముక్కలు వేసి నీళ్లు పోసి రెండు నిమిషాలు ఆగి గుచ్చితే 0 చూపించాలి. మరిగే నీళ్లలో 100 చూపించాలి, ఎత్తైన ప్రాంతాల్లో ప్రతి 300 మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఒక డిగ్రీ తేడా పర్వాలేదు. అంతకు మించితే సరిచేయండి, కుదరకపోతే మార్చండి. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెకు పోయే ముందు మొన తుడవడం మర్చిపోవద్దు.

నోట్‌బుక్‌లో రోజుకు నాలుగు అంకెలు చాలు: వండినప్పటి వేడి, మధ్యాహ్నం ట్రే వేడి, ఐస్ బాక్స్ చల్లదనం, పారేసిన సమయం. పారేసింది రోజూ ఏమీ లేదని రాసుంటే అమ్మకాలు బ్రహ్మాండంగా ఉండాలి, లేదంటే 4 గంటల లెక్క పాటించడం లేదని అర్థం.

ఇంకో పని చేయండి. నమ్మకమైన మనిషిని రద్దీ వేళ ఒక గంట పక్కన నిలబెట్టి, డబ్బు ముట్టుకున్నాక చెయ్యి కడగకుండా ఆహారం ఎన్నిసార్లు ముట్టుకున్నారో లెక్కపెట్టమనండి. మన చేతులు ఏం చేస్తున్నాయో పనిలో ఉండగా మనకు తెలియదు.

నీటికి హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష ఉంది. సీసాలో నీళ్లు పోసి వెచ్చని చోట ఉంచితే, మలంతో కలుషితమైన నీరు ఒకటి రెండు రోజుల్లో నల్లగా మారుతుంది. నల్లబడకపోయినంత మాత్రాన నీళ్లు పూర్తిగా మంచివని కాదు. నల్లబడితే మాత్రం వాటిని వాడొద్దు.

ల్యాబ్ పరీక్ష చేయించగలిగితే రెండో జాబితాలోవే ఇవ్వండి, అదీ అమ్మకం చివరి గంటలో తీసినవి. పొద్దున తాజాగా చేసినది ఇస్తే మంచి రిపోర్టు వస్తుంది, మీకు తెలిసేది మాత్రం ఏమీ ఉండదు. రిపోర్టు చదివేటప్పుడు మొత్తం బ్యాక్టీరియా సంఖ్య చూసి కంగారుపడొద్దు. పులియబెట్టిన వాటిలో, పచ్చి ఆకుల్లో అది సహజంగానే ఎక్కువ. చూడాల్సినవి వేరే. సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా 25 గ్రాముల్లో అసలు కనిపించకూడదు. బ్రిటన్‌లో 2009లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, తినడానికి సిద్ధంగా ఉన్న ఆహారంలో ఈ.కోలై గ్రాముకు 20 లోపుంటే బాగున్నట్టు, 100 దాటితే బాగాలేనట్టు. ఈ.కోలై ఎక్కువొస్తే నీళ్లు, చేతులు, కడగడం చూసుకోండి. స్టాఫిలోకాకస్ ఎక్కువొస్తే వండాక చేత్తో ముట్టుకోవడం, తర్వాత బయట ఉంచిన సమయం చూసుకోండి. బాసిల్లస్ సీరియస్ ఎక్కువొస్తే చల్లార్చడంలో లోపం ఉంది.

ఎవరైనా తిని జబ్బు పడ్డామంటే

వాదనకు దిగకుండా, ఏ టైంకి తిన్నారో, ఎప్పుడు మొదలైందో అడిగి రాసుకోండి. అరగంట నుంచి ఆరేడు గంటల్లో వాంతులు మొదలైతే స్టాఫిలోకాకస్ గానీ, అన్నంలాంటి వాటిలో ఉండే బాసిల్లస్ సీరియస్ గానీ అయ్యుండొచ్చు. 6 నుంచి 24 గంటల్లో వాంతులు లేకుండా కడుపునొప్పి, విరేచనాలైతే పెర్ఫ్రింజెన్స్, అంటే పెద్ద గిన్నె నెమ్మదిగా చల్లబడిందేమో చూడాలి. సాల్మొనెల్లాకు 6 గంటల నుంచి 6 రోజులు పట్టొచ్చు, సాధారణంగా జ్వరం కూడా ఉంటుంది. ఇవి ఎక్కడ వెతకాలో మీకు చెప్పే గుర్తులు మాత్రమే. జబ్బు తేల్చాల్సింది డాక్టరే.

వాళ్లకు ఓఆర్ఎస్ తాగమని చెప్పండి. విరేచనంలో రక్తం, తీవ్రమైన జ్వరం, మూత్రం రాకపోవడం, చూపు మసకబారడం, మాట తడబడడం ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పంపండి. చిన్నపిల్లలైతే ఇవేవీ కనిపించేదాకా కూడా ఆగొద్దు.

ఆ పదార్థం అమ్మడం వెంటనే ఆపేయండి. ఒకే రోజు ఇద్దరు ముగ్గురు చెబితే ఆరోగ్య అధికారులకు మీరే ముందు తెలియజేయండి. మిగిలింది భయంతో పారేయొద్దు. శుభ్రమైన గరిటెతో శుభ్రమైన మూత డబ్బాలోకి కొంచెం తీసి, పేరు, తేదీ, టైం రాసి, "తినకూడదు" అని పెద్ద అక్షరాలతో అంటించి, 5 డిగ్రీల లోపు చల్లగా ఉంచండి. అమ్మే సరుకు ఉన్న బాక్సులో మాత్రం దాన్ని పెట్టొద్దు.